డేటా నార్మల్ కాకపోతే నాన్-పారామెట్రిక్ పరీక్షే దిక్కా? మా మామిడి తోట లెక్కలతో నా జవాబు

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. మీరు తిరుపతిలో అగ్రికల్చర్ పీజీ చేస్తున్నారు. ఎనిమిది తోతాపురి తోటలు తీసుకుని, ఒక్కో తోటలో సగానికి కొమ్మల కత్తిరింపు చేయించి, మిగతా సగం అలాగే వదిలేశారు. ఒక్కో సగంలో పది చెట్ల కాయ తూకం వేశారు. డేటా నార్మల్‌గా, అంటే సగటుకు రెండు పక్కలా గంట ఆకారంలో పరుచుకుందో లేదో చూసే షాపిరో-విల్క్ పరీక్ష చేస్తే, కాదని వచ్చింది. ‘నాన్-పారామెట్రిక్‌కు ఏ షరతులూ ఉండవు, మాన్-విట్నీ చేసేయ్’ అని ఫ్రెండ్ అన్నారు. (నాన్-పారామెట్రిక్ అంటే డేటాకు ఫలానా ఆకారం ఉండాలని కోరని పరీక్షలు. మాన్-విట్నీ వాటిలో ఒకటి, అంకెల బదులు వాటి వరస చూస్తుంది.) ‘అవి బలహీనమైన పరీక్షలు, సగటులను పోల్చే టీ-టెస్టే చెయ్’ అని గైడ్ అన్నారు. సబ్మిషన్ దగ్గర పడుతోంది, టెన్షన్‌గా ఉంది, ఎవరి మాట వినాలి అని అడిగారు.

ఇద్దరి మాటల్లోనూ సగమే నిజం ఉంది. ఈ రెండు పొరపాట్లూ నేను చేసినవే కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

మాది పాకాల దగ్గర పల్లె. కాయలు దామలచెరువు మండికి తోలుతాం. ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ ప్రాజెక్టుకు మా తోటలోనే తూకాలు తీశాను. ఆ నోటుబుక్కులోని అంకెలను లెక్క సులువుగా ఉండేలా కొంచెం గుండ్రం చేసి ఇస్తున్నాను. కత్తిరించని ఐదు చెట్లకు 60, 72, 85, 90, 410 కిలోలు. కత్తిరించిన ఐదింటికి 95, 110, 118, 130, 140 కిలోలు.

ఆ 410 కిలోలది మా అబ్బ నాటిన చెట్టు. పశువుల కొట్టం పక్కనే ఉంటుంది, పేడ నీళ్లన్నీ దాని పాదులోకే పోతాయి. తూకం తప్పేమీ కాదు, రెండుసార్లు వేసి చూశాం.

సగటు తీస్తే కత్తిరించని చెట్లకు 143.4, కత్తిరించినవాటికి 118.6 వచ్చింది. అంటే కత్తిరింపు వల్ల కాపు తగ్గినట్టు! అంకెల చెదురుతో పోలిస్తే సగటుల తేడా ఎంతో చెప్పే టీ విలువ 0.37 మాత్రమే. నాయనకు చెబితే ఒప్పుకోలేదు. ‘ఒక్క కొట్టం చెట్టు తీసి పక్కన పెట్టమ్మా, మిగిలిన నాలుగూ వీటిముందర నిలబడినాయా?’ అన్నాడు. చెట్టును పక్కన పెట్టడానికి నాకు మనసొప్పలేదు. నిజంగా కాసిన కాయను లెక్కలోంచి ఎలా తీసేస్తాం? కానీ ఆయన అడిగిన ప్రశ్న సరైనదే.

ఆ సాయంత్రం పది చీటీలు రాసి, తక్కువ నుంచి ఎక్కువకు వరండాలో వరసగా పేర్చాను. కత్తిరించని చెట్లకు 1, 2, 3, 4, 10 ర్యాంకులు పడ్డాయి. కత్తిరించినవాటికి 5 నుంచి 9 వరకు. కత్తిరించిన ప్రతి చెట్టునూ కత్తిరించని ప్రతి చెట్టుతోనూ పోల్చి చూస్తే మొత్తం 25 జోడీలు. అందులో 20 జోడీల్లో కత్తిరించినదే పైన ఉంది. మాన్-విట్నీ యూ అంటే ఈ లెక్కే, ఇంకేమీ కాదు. ఫార్ములా రూపంలో ఏళ్ల తరబడి చదివినా, చీటీలు పేర్చిన రోజే అది నాకు నిజంగా తెలిసింది.

పి-విలువ, అంటే నిజానికి తేడా లేకున్నా ఇంతటి ఫలితం ఊరికే వచ్చే అవకాశం, ఎక్కడి నుంచి వస్తుందో కూడా ఆ చీటీల్లోనే కనిపిస్తుంది. కత్తిరింపు వల్ల ఏ తేడా లేదనుకుందాం. అప్పుడు పది ర్యాంకుల్లో ఏ ఐదు ఏ గుంపుకు పడినా ఒకటే. పదింట్లో ఐదు ఎంచుకోవడానికి 252 దారులున్నాయి. మాకు వచ్చినంతగానో, ఇంకా ఎక్కువగానో ఒకవైపు మొగ్గే అమరికలు ఒక దిక్కున 19, రెండు దిక్కులా కలిపి 38. 38ని 252తో భాగిస్తే 0.15. గంట ఆకారపు వక్రరేఖ ఈ లెక్కలో ఎక్కడా అవసరం పడలేదు. కొట్టం చెట్టు 410 బదులు 4,100 కాసినా జవాబు మారదు, ఎందుకంటే దాని ర్యాంకు పదే.

తేడా ఎంత అని అడిగితే దానికీ దారి ఉంది. ఆ 25 జోడీల్లో ఒక్కోదానికి తేడా తీసి, ఆ తేడాలన్నిటి మధ్యగతం, అంటే వరసగా పేర్చితే సరిగ్గా నడుమ పడేది, చూడాలి. మాకు 35 కిలోలు వచ్చింది. దీన్ని హాడ్జెస్-లేమన్ అంచనా అంటారు. థీసిస్‌లో పి-విలువ ఒక్కటే రాసి వదిలేయకండి. రైతుకు కావాల్సింది ఈ 35 కిలోల మాట.

అయితే ఒక సంగతి. పల్ప్ ఫ్యాక్టరీ డబ్బిచ్చేది టన్నుకు, ర్యాంకుకు కాదు. ‘తోట మొత్తం మీద ఆదాయం పెరిగిందా?’ అన్నది మీ ప్రశ్న అయితే కొట్టం చెట్టు 410 కిలోలూ లెక్కలోకి రావాల్సిందే. అప్పుడు చూడాల్సింది సగటునే. దాని చుట్టూ ఎంత అనిశ్చితి ఉందో బ్రాడ్లీ ఎఫ్రాన్ 1979లో చెప్పిన బూట్‌స్ట్రాప్‌తో (ఉన్న డేటాలోంచే మళ్లీ మళ్లీ శాంపిళ్లు తీసి చూసే పద్ధతి) అంచనా వేయొచ్చు, ఐదు చెట్లతో కాదు గానీ కాస్త ఎక్కువ డేటా ఉన్నప్పుడు. ‘మామూలు చెట్టుకు మేలు జరిగిందా?’ అన్నది ప్రశ్న అయితే ర్యాంకులు సరిగ్గా సరిపోతాయి. రెండు పరీక్షలూ రెండు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు చెబుతాయి. ఏది కావాలో మీరు నిర్ణయించుకోవాలి గానీ షాపిరో-విల్క్ కాదు. చిన్న శాంపిల్‌లో ఆ పరీక్షకు వంకర ఉన్నా కనిపించదు. పెద్ద శాంపిల్‌లో పట్టించుకోనక్కర్లేని వంకరను కూడా పట్టి చూపిస్తుంది. పైగా మీలా జతలుగా తీసిన డేటాలో నార్మల్‌గా ఉండాల్సింది ముడి తూకాలు కాదు, జతల మధ్య తేడాలు. మీరు 160 తూకాలనూ ఒకే కుప్పగా పోసి పరీక్షించి ఉంటారని నా అనుమానం.

ఇక నా రెండో పొరపాటు. ర్యాంకుల మీద ఇష్టం పుట్టాక అన్నిటికీ అవే వాడటం మొదలుపెట్టాను. అదే ప్రాజెక్టులో డ్రిప్ పెట్టిన మూడు మడులు, పెట్టని మూడు మడులు పోల్చాను. డ్రిప్ పెట్టిన మూడూ మిగతా మూడింటికంటే బాగా కాశాయి. మాన్-విట్నీలో పి-విలువ 0.1 వచ్చింది, మామూలుగా గీతగా పెట్టుకునే 0.05 కంటే ఎక్కువ. ‘తేడా లేదు’ అని రాసేశాను. వైవాలో ఎగ్జామినర్ ఒకే ప్రశ్న అడిగారు: ‘మూడూ మూడుతో మీకు రాగలిగిన అతి తక్కువ పి-విలువ ఎంతమ్మా?’ నోట మాట రాలేదు. ఆరింట్లో మూడు ఎంచుకునే దారులు 20. అన్నిటికంటే స్పష్టమైన ఫలితం వచ్చినా రెండు దిక్కులా కలిపి 20లో 2, అంటే 0.1. దానికంటే కిందకు దిగే వీలే లేదు. ఏం జరిగినా ‘తేడా లేదు’ అని చెప్పే పరీక్షను ఎంచుకుని, ఆ మాటను డ్రిప్ మీదకు నెట్టాను. ఒక ఏడాది కష్టం అలా వృథా చేసుకున్నానని ఇప్పటికీ బాధే.

అందుకే నా దగ్గరకు ఏ విద్యార్థి వచ్చినా ముందు ఈ లెక్కే వేయిస్తాను. నాలుగూ నాలుగైతే 70లో 2, అంటే 0.029 దాకా దిగొచ్చు. జతల తేడాలకు ర్యాంకులిచ్చి చేసే విల్‌కాక్సన్ సైన్డ్-ర్యాంక్ పరీక్షలో ఐదు జతలుంటే 32లో 2, అంటే 0.0625. ఐదు జతలతో 0.05 కిందకు దిగడం అసాధ్యమని తెలియక ఎంతమంది ప్రయోగాలు మొదలుపెడతారో! ఆరు జతలైతే 0.031. మీకు ఎనిమిది ఉన్నాయి, 256లో 2, అంటే 0.0078 దాకా చోటుంది. మీరు గట్టి నేల మీదే ఉన్నారు.

మీ గైడ్ చెప్పిన ‘బలహీనం’ మాట గురించి. ఆ అభిప్రాయం చాలామందిలో ఉంది. కానీ హాడ్జెస్, లేమన్ 1956లోనే దాన్ని లెక్క తేల్చారు. పెద్ద శాంపిళ్లలో, డేటా నిజంగా నార్మల్‌గా ఉన్నా కూడా, విల్‌కాక్సన్ పరీక్ష (మాన్-విట్నీకి ఇంకో పేరు) సామర్థ్యం టీ-టెస్టుతో పోలిస్తే 95.5 శాతం. అంటే టీ-టెస్టు 955 చెట్లతో తేల్చేదాన్ని ఇది 1000 చెట్లతో తేలుస్తుంది. రెండు గుంపుల ఆకారం ఒకటే అయి, ఒకటి పక్కకు జరిగినట్టు ఉన్నప్పుడు, ఆ ఆకారం ఎలాంటిదైనా ఈ సామర్థ్యం 86.4 శాతం కంటే పడిపోదు. కొట్టం చెట్టులాంటివి తరచుగా వచ్చే డేటాలో అయితే టీ-టెస్టునే దాటిపోతుంది. నిజంగా బలహీనమైనది సైన్ టెస్టు, తేడా ఎటువైపు అన్నదే చూసి ఎంత అన్నది వదిలేసే పరీక్ష. నార్మల్ డేటాలో దాని సామర్థ్యం 64 శాతం దగ్గరే. గైడ్ మనసులో ఉన్నది అదే కావొచ్చు. ఆయనతో వాదించకుండా ఈ అంకెలు చూపించండి, వింటారు.

అన్నట్టు, విల్‌కాక్సన్ పరీక్షను 1945లో ప్రచురించిన ఫ్రాంక్ విల్‌కాక్సన్ గణితం మాస్టారు కాదు, కెమిస్టు. పురుగుమందులు, శిలీంధ్రనాశినుల మీద పనిచేసినవాడు. మాన్, విట్నీ 1947లో దాన్ని ముందుకు తీసుకెళ్లారు. పొలం పనికి ఈ పద్ధతి పరాయిదేమీ కాదని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఫ్రెండ్ చెప్పిన ‘షరతులు లేవు’ అనే మాట మాత్రం ప్రమాదం. నార్మల్ కావాలనే షరతు ఒక్కటే పోతుంది. పరిశీలనలు ఒకదానితో ఒకటి సంబంధం లేనివై ఉండాలన్న షరతు అలాగే ఉంటుంది. మీ దగ్గర 160 చెట్లు ఉన్నాయి గానీ తోటలు ఎనిమిదే. ఒకే తోటలో చెట్లన్నిటికీ ఒకే నేల, ఒకే బోరు, ఒకే రైతు చెయ్యి. ఎనభైకి ఎనభై పెట్టి మాన్-విట్నీ చేస్తే పి-విలువ మీద నమ్మకం పెట్టుకోలేం, పైగా మీరు కష్టపడి ఏర్పరచుకున్న జత కూడా పోతుంది.

ఇంకొకటి, మాన్-విట్నీ అంటే మధ్యగతాల పోలిక అని గైడు పుస్తకాల్లో, యూట్యూబ్ వీడియోల్లో చెబుతుంటారు. రెండు గుంపుల ఆకారం, వెడల్పు ఒకేలా ఉంటేనే ఆ మాట చెల్లుతుంది. వెడల్పులు బాగా తేడాగా ఉంటే మధ్యగతాలు సమానంగా ఉన్నా పరీక్ష ఏదో ఒకటి పట్టుకోవచ్చు. ‘ఇందులోంచి ఒకటి, అందులోంచి ఒకటి తీస్తే మొదటిది పెద్దదయ్యే అవకాశం ఎంత’ అన్నదే దాని అసలు ప్రశ్న.

కాబట్టి మీరు చేయాల్సింది ఇదీ. ప్రతి తోటలో కత్తిరించిన పది చెట్లకు ఒక అంకె, కత్తిరించని పదికి ఒక అంకె తీయండి. ఆదాయం గురించి అయితే సగటు, మామూలు చెట్టు గురించి అయితే మధ్యగతం. రెండింటి తేడా తీస్తే ఎనిమిది అంకెలు మిగులుతాయి. వాటిని తెల్ల కాగితం మీద చుక్కలుగా గీసి చూడండి. సున్నాకు ఎటువైపు ఉన్నాయో, ఒకటి దూరంగా పోయిందో కంటికే కనిపిస్తుంది. చుక్కలు మధ్యలో గుమిగూడి రెండు పక్కలా దాదాపు సమానంగా పరుచుకుంటే సైన్డ్-ర్యాంక్ చేయండి, దానికి ఆ మాత్రం సమతూకం కావాలి. బాగా ఒకవైపు సాగిపోయి ఉంటే సైన్ టెస్టు. కానీ అందులో ఎనిమిదికి ఎనిమిదీ ఒకేవైపు ఉంటేనే 0.0078, ఒక్కటి ఎదురు తిరిగినా 0.07కు వెళ్తుందని ముందే తెలుసుకోండి. రెండూ చేసి, ఏది బాగా వస్తే అది రాయడం మాత్రం వద్దు. ఫలితం చూడకముందే ఎంచుకుని, ఎంచుకున్న కారణం థీసిస్‌లో రాయండి.

రెండో ఏడాది మూడు రకాల కత్తిరింపులు చేస్తానన్నారు కదా. ఒకే తోటలో మూడూ ఉంటే ఫ్రీడ్‌మన్ పరీక్ష, 1937 నాటిది. తర్వాత అర్థశాస్త్రంలో నోబెల్ అందుకున్న మిల్టన్ ఫ్రీడ్‌మన్ తయారుచేసిందే. వేర్వేరు తోటలైతే క్రస్కల్-వాలిస్, అంటే మాన్-విట్నీనే రెండు కంటే ఎక్కువ గుంపులకు పెంచిన పరీక్ష. పల్ప్ రుచికి తొమ్మిది మెట్ల స్కేలు మీద మార్కులు వేయిస్తే మాత్రం ర్యాంకు పద్ధతులను వదలకండి. ‘బాగుంది’కీ ‘చాలా బాగుంది’కీ మధ్య దూరం ఎంతో ఎవరూ కొలవలేరు, వరస మాత్రమే చెప్పగలరు.

కాయని చెట్లుంటే తూకం సున్నా అని రాయండి, ఖాళీ వదలకండి. కాయకపోవడం కూడా ఒక ఫలితమే కాబట్టి ఆ సున్నాలూ డేటానే.

చివరిగా ఒకటి అడగాలి, మీ ప్రశ్నలో అది లేదు. ఏ సగానికి కత్తిరింపు చేయాలో ఎవరు తేల్చారు? మీరు చీటీ తీసి తేల్చి ఉంటే పైన చెప్పిందంతా నిశ్చింతగా చేసుకోవచ్చు. రైతే తనకు నచ్చిన సగం చూపించి ఉంటే, బోరుకు దగ్గర సగమో, రోడ్డు పక్క సగమో ఇచ్చి ఉంటారు. అప్పుడు ఆ తేడా కత్తిరింపుదో, నీళ్లదో టీ-టెస్టూ చెప్పలేదు, విల్‌కాక్సనూ చెప్పలేదు. తోటవారీగా ఎనిమిది జతల అంకెలతో పాటు ఇది కూడా కామెంట్‌లో రాయండి, చూసి చెబుతాను.