కుంట దగ్గర ఎవర్ని నిలబెట్టాలి

అమ్మాయీ,

మీ నేచర్ సెంటర్ ఓపెన్ డే కోసం నువ్వు వేసిన కార్యక్రమాల పట్టిక చూశాను. ముఖాలకు రంగులు, మేజిక్, క్విజ్, బొమ్మల పోటీ, మధ్యలో ముఖ్య అతిథి ప్రసంగం. ఇందులో సగం నిర్మొహమాటంగా కొట్టెయ్. మొహానికి పులి చారలు ఎక్కడైనా వేయించుకోవచ్చు. నీళ్లలోంచి తూనీగ పిల్లను పట్టి చూసే వీలు సిటీలో ఇంకెక్కడుంది? వచ్చిన కుటుంబాలకు ఒక కుంట, ఒక చెట్లగుంపు, నాలుగు కుళ్లిన దుంగలు చూపిస్తే చాలు. తీరిగ్గా చూసే వ్యవధి మాత్రం ఇవ్వాలి.

మీ వాలంటీర్లలో మెరికల్ని కుంట దగ్గర పెట్టు. మెరికలంటే ఎక్కువ పేర్లు తెలిసినవాళ్లు కాదు, ఓపిగ్గా నోరు కట్టుకోగలిగినవాళ్లు. పిల్లాడు ‘ఇదేంటి?’ అనగానే పేరు చెప్పేస్తే వాడు తలూపి పక్క ట్రేకి పోతాడు. ‘కాళ్లు ఎన్నున్నాయో చూడు, ఎలా ఈదుతోందో చూడు’ అంటే అక్కడే ఆగుతాడు. తూనీగ పిల్ల దొరికిందంటే ఇక చెప్పక్కర్లేదు. అది వెనక నుంచి నీళ్లు చిమ్ముకుంటూ ముందుకు దూసుకుపోతుంది. మడిచి పెట్టుకున్న కింది పెదవిని చటుక్కున చాచి ఎరను లాక్కుంటుంది. అందుకే దాన్ని వేరే ట్రేలో ఉంచండి, లేకపోతే తోకకప్పలకు మూడినట్టే.

ట్రేలు తెల్లవి అయితేనే పురుగులు కనబడతాయి. ముందు కుంట నీళ్లు పోసి, ఆ తర్వాతే వల ముంచమను. కుళాయి నీళ్లు వద్దు, వాటిలో క్లోరిన్ ఉంటుంది. బురదను గోకకుండా మొక్కల మధ్య వలను నెమ్మదిగా లాగితే చాలు. ట్రేలను తప్పనిసరిగా నీడలో పెట్టండి. నీళ్లు వేడెక్కిన కొద్దీ ప్రాణవాయువు తగ్గుతుంది, లోపలున్నవి ఉక్కిరిబిక్కిరి అవుతాయి. ఒక గుంపు చూడగానే వాటిని అదే కుంటలో వదిలేసి, తర్వాతి గుంపుకు మళ్లీ పట్టుకోనివ్వండి. పట్టుకోవడంలోనే కదా సరదా అంతా!

కప్పలను మాత్రం ఎవరి చేతికీ ఇవ్వకండి. వాటి చర్మం నీళ్లనూ రసాయనాలనూ పీల్చుకుంటుంది. ఆ రోజు వచ్చే చేతులన్నింటికీ దోమల క్రీమో, ఎండకు రాసుకునే లోషనో ఉంటుంది. కాసేపు పారదర్శకమైన డబ్బాలో తడిగా ఉంచి చూపించి వదిలెయ్యండి.

ఇంకొక మనిషి కావాలి. పాఠం చెప్పకుండా, ఫోటోలు తియ్యకుండా, కుంట అంచునే చూస్తూ ఉండాలి. జానెడు లోతు నీళ్లు కూడా పసిపిల్లలకు ప్రమాదమే. చుట్టూ ఇంతమంది పెద్దవాళ్లు ఉన్నప్పుడు ‘ఎవరో ఒకరు చూస్తున్నారులే’ అని అందరూ అనుకుంటారు, అదే నాకు టెన్షన్. గంటకోసారి ఆ మనిషిని మార్చు. చేతులు కడుక్కునే చోటు కుంటకూ తిండి బల్లలకూ మధ్య దారిలోనే ఉండాలి, సబ్బుతో సహా. పక్కకు ఎక్కడో పెడితే ఎవరూ వెళ్లరు.

దుంగలు ఎత్తేటప్పుడు అవతలి అంచు పట్టుకుని మన వైపుకు లేపాలి. కింద ఏదైనా ఉంటే అది మన కాళ్ల మీదికి రాకుండా అటే పోతుంది. ఏ దుంగలు ఎత్తాలో ముందురోజే చూసి పెట్టుకో. రోకలిబండ కనిపిస్తే చాలావరకు ఒక్కో కణుపుకు రెండు జతల కాళ్లు, జెర్రికి ఒక్కటే జత. ఆ తేడా పిల్లలనే కనిపెట్టనివ్వు. జెర్రి కుడుతుంది కాబట్టి దూరం నుంచే. చూశాక దుంగను ఎలా ఉందో అలాగే మెల్లగా దించాలి, దాని కిందే వాటి ఇల్లు.

అసలు చిక్కు పిల్లలతో కాదు, తల్లిదండ్రులతో. ‘ఛీ, ముట్టుకోకు’ అని ఒక్కరు అంటే మీ వాలంటీర్ గంట కష్టం వృథా. వాళ్లను పక్కన నిలబడి చూడనివ్వకు, చేతికి వల ఇచ్చెయ్. భూతద్దాన్ని కంటికి దగ్గరగా పెట్టుకుని, చూసే వస్తువును దగ్గరికి తెచ్చుకోవాలని మొదట వాళ్లకే నేర్పించు. అమ్మ ‘అబ్బ, చూడు!’ అందంటే పిల్ల వదలదు.

వేళలు కూడా మార్చాలి. పక్షులు పొద్దున్నే చురుగ్గా తిరుగుతాయి, కాబట్టి పక్షుల నడక తలుపులు తెరవగానే. సీతాకోకచిలుకలకూ తూనీగలకూ ఎండ కాస్త కాయాలి, అవి తర్వాత. ప్రసంగం తప్పదంటే ఐదు నిమిషాలు, అదీ గేటు దగ్గర, మైకు లేకుండా.

వాన పడుతుందేమో అని అడిగావు. చినుకులకు రద్దు చెయ్యకు. నత్తలూ వానపాములూ బయటికి వచ్చేది అప్పుడే. గొడుగులు తెచ్చుకోమని ముందే కబురు పెట్టు. ఉరుము వినబడితే మాత్రం ఆలోచించకుండా అందర్నీ లోపలికి పంపెయ్, ట్రేల సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.

ఆశీస్సులతో,
మీ పెద్దనాన్న