సందేహం: ప్రేయర్ లైన్‌లో నా గురించి అన్నీ చెప్పారు, నమ్మొచ్చా?

ప్రశ్న: అన్నా, వందనాలు. ఆగస్టులో ఎంఎస్‌కి టెక్సస్ వచ్చాను. మాది క్రైస్తవ కుటుంబమే. ఇక్కడ ఫ్రెండ్ ద్వారా ఒక తెలుగు ప్రేయర్ లైన్‌లో చేరాను. రోజూ రాత్రి ఫోన్‌లోనే కూడిక. మొన్న దైవజనుడు నా పేరు పెట్టి పిలిచి, మా నాన్న అప్పు సంగతి, నా వీసా భయం అన్నీ చెప్పారు. వెయ్యి డాలర్లు విత్తనంగా, అంటే కానుకగా వేస్తే హెచ్1బీ ఉద్యోగ వీసా లాటరీలో నా పేరు తప్పకుండా వస్తుందన్నారు. దేవుడు బయలుపరచకపోతే ఆయనకి ఇవన్నీ ఎలా తెలుస్తాయి? పంపమంటారా?

జవాబు: తమ్ముడూ, పంపొద్దు. ముందు ఆ మాట చెప్పేస్తే నాకు నిమ్మళంగా ఉంటుంది. మిగతాది నెమ్మదిగా చదువుకో.

నువ్వు డాలర్ల గురించి అడిగావు. నా మనసు మాత్రం ‘రోజూ రాత్రి ఫోన్‌లోనే’ అన్న దగ్గర ఆగిపోయింది. ఆదివారం ఏ చర్చికి వెళ్తున్నావో ఒక్క ముక్క రాయలేదు. ఎవరితో కలిసి అన్నం తింటున్నావో రాయలేదు. వచ్చిన కొత్తలో నేనూ ఇంటికి అలాంటి ఉత్తరాలే రాసేవాణ్ణి.

మాది రేపల్లె దగ్గర పల్లెటూరు. మూడు తరాల లూథరన్ కుటుంబం. తాతయ్య మిషన్ బడిలో పంతులు, అమ్మ టీచరుగా చేసి రిటైరయింది. సండే స్కూల్లో కంఠత వాక్యాలకి ఏటా నాకే మొదటి ప్రైజు. అలాంటి నన్ను అబద్ధ బోధకుడు మోసం చేస్తాడని ఎవరైనా అంటే నమ్మేవాణ్ణి కాను. ఇప్పుడొచ్చే మీరంతా కూడా అలాగే అనుకుంటారు. చిన్నప్పటి నుంచీ వాక్యం విన్నాం, యూట్యూబ్‌లో వందమంది ప్రసంగాలు చూస్తున్నాం, మాకేం అవుతుందని. బట్టీ పట్టిన వాక్యం ఎంత గట్టిగా నిలబడుతుందో తెలియాలంటే ఒక చలికాలం ఒంటరిగా గడపాలి.

నేను 2012లో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని పిట్స్‌బర్గ్‌లో దిగాను. చదువుకున్న రెండేళ్లూ రూమ్‌లో నలుగురం ఉండేవాళ్లం, గోలగా గడిచిపోయింది. చర్చికి మూడు వారాలు వెళ్లాను. ఆ ఇంగ్లిష్ ప్రసంగం సగం అర్థమయ్యేది కాదు. ఆదివారం బస్సులు తక్కువ. మంచు పడ్డాక మానేశాను. 2014లో చదువు అయిపోయి, రెండు గంటల దూరంలో ఒక చిన్న ఊళ్లో ఉద్యోగం వచ్చింది. సింగిల్ బెడ్‌రూమ్, నేల మీద పరుపు, ఒక రైస్ కుక్కర్. శుక్రవారం సాయంత్రం ఆఫీసు నుంచి వస్తే సోమవారం పొద్దున దాకా మాట్లాడే మనిషి లేడు. ఒక శనివారం సరుకులకి వెళ్తే బిల్లు వేసే ఆవిడ ఎలా ఉన్నారని అడిగింది. జవాబు చెప్పబోతే గొంతు బొంగురుపోయింది. ముందు రోజు సాయంత్రం నుంచి ఒక్క మాట కూడా మాట్లాడలేదని అప్పుడు తెలిసింది. ఆ సంగతి ఇప్పుడు తలుచుకున్నా నాకు భయమేస్తుంది.

అప్పుడే ఒక స్నేహితుడు ప్రేయర్ లైన్ నంబరిచ్చాడు. రాత్రి పదింటికి నంబరు కొట్టి, కోడ్ నొక్కితే నలభై మంది దాకా లైన్‌లో ఉండేవాళ్లు. మొదట ఒకావిడ మా ఊరి చర్చిలో పాడుకునే పాత కీర్తన ఎత్తుకుంది. ఫోన్ స్పీకర్‌లో పెట్టి పరుపు మీద పడుకున్నవాణ్ణి లేచి కూర్చుని ఏడ్చాను. అక్కడ జరిగిందంతా దొంగతనమే అని ఈరోజు కూడా నేను అనను. ఆ నలభై మందిలో ఎక్కువమంది నాలాంటివాళ్లే, తెలుగులో ప్రార్థన వినాలని మొహం వాచిపోయినవాళ్లు.

కోఆర్డినేటర్ సిస్టర్ అని ఒకావిడ మధ్యాహ్నం పూట ఫోన్ చేసేది. ‘తిన్నావా తమ్ముడూ? ప్రార్థన అంశాలేమైనా ఉంటే చెప్పు’ అనేది. తిన్నావా అని అడిగేవాళ్లు లేని ఊళ్లో ఆ ఒక్క మాట చాలదూ? వీసా, చెల్లి పెళ్లి, అమ్మ కంటి ఆపరేషన్ అన్నీ చెప్పేశాను. సరిగ్గా పది రోజులకి రాత్రి కూడికలో దైవజనుడు నా పేరు పెట్టి పిలిచాడు. ‘ప్రభువు నీ తల్లిని చూపిస్తున్నాడు, ఎడమ కన్నుకి కట్టు కనిపిస్తోంది’ అన్నాడు. నాకు ఒళ్లు జలదరించింది. ‘ఏప్రిల్‌లో నీ పేరు పిలవబడుతుంది, వెయ్యి డాలర్ల విత్తనం వేసి తలుపు తెరుచుకో’ అన్నాడు. వారంలో పంపాను.

ఆ ఏడు, అంటే 2015లో, 85,000 వీసాలకి దాదాపు 2,33,000 దరఖాస్తులు వచ్చాయి. నా పేరు రాలేదు. ఫోన్ చేస్తే నా విశ్వాసం చాలలేదన్నారు. తర్వాత మా వంశంలో శాపం ఉందన్నారు. దాన్ని విరవడానికి నలభై రోజుల ఉపవాస ప్రార్థన, ఇంకో కానుక. అన్నీ కలిపి 3,400 డాలర్లు ఇచ్చాను. డబ్బు పోతే పోయింది, మళ్లీ సంపాదించుకున్నాను. నేను క్షమించుకోలేనిది వేరే ఉంది. ‘మీ అమ్మ మృతమైన సంఘంలో ఉంది, ఆవిడతో ఈ విషయాలు మాట్లాడితే నీ అభిషేకం పోతుంది’ అని చెప్పారు. నేను విన్నాను. ఏడు వారాలు అమ్మకి సరిగ్గా ఫోన్ చేయలేదు. చేసినా రెండు నిమిషాల్లో పెట్టేసేవాణ్ణి.

తమ్ముడూ, ఏ బోధ అయినా నిన్ను ప్రేమించే మనుషుల నుంచి నిన్ను విడదీయడం మొదలుపెడితే, ఎంత మంచి వాక్యంతో మొదలైనా సరే, అక్కడే ఆగిపో.

చివరికి జూన్‌లో ఒక రాత్రి అమ్మకి అంతా చెప్పాను. వాదన గెలవాలని, ‘ప్రవక్త కాకపోతే నీ ఎడమ కన్ను ఆపరేషన్ సంగతి ఆయనకెలా తెలుసు?’ అన్నాను. అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘ఎడమ కన్నేంటి నాన్నా, నాకు చేసింది కుడి కన్నుకి కదా’ అంది. అప్పుడు గుర్తొచ్చింది. సిస్టర్‌కి చెప్పేటప్పుడు పొరపాటున ఎడమ కన్ను అన్నది నేనే. నా నోట్లోంచి జారిన తప్పు ఆమె చెవి నుంచి ఆయన నోటికి చేరి, ప్రభువు మాటగా నా దగ్గరికే తిరిగొచ్చింది. మీ నాన్న అప్పు ఆయనకెలా తెలిసిందని అడిగావు కదా. అంతకు ముందు ప్రార్థన అంశంగా నువ్వు ఎవరికి చెప్పావో గుర్తు చేసుకో.

అమ్మ తిట్టలేదు. ‘యిర్మీయా 29 తియ్యి, మొదటి వచనం నుంచి పైకి చదువు’ అంది. ఆ లైన్‌లో రోజూ ఆ అధ్యాయంలోని పదకొండో వచనమే వాగ్దానంగా ఇచ్చేవాళ్లు. దేవుడు మన గురించి ఉద్దేశించినవి సమాధానకరమైనవే అన్న వచనం. పైనుంచి చదివితే అది బబులోనుకి చెరగా వెళ్లిన యూదులకి యిర్మీయా రాసిన ఉత్తరం. పరదేశంలో ఉన్నవాళ్లకి రాసిన ఉత్తరం, తమ్ముడూ! ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పెళ్లిళ్లు చేసుకోండి, మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థన చేయండి అంటాడు. ఎనిమిదో వచనంలో, మీ మధ్య ఉన్న ప్రవక్తల చేత మోసపోవద్దంటాడు. పదో వచనంలో, తిరిగి రావడానికి డెబ్బై ఏళ్లు పడుతుందంటాడు. ఆ తర్వాతే మనం క్యాలెండర్లలో అచ్చు వేసుకునే పదకొండో వచనం.

‘ఇప్పుడు ముందు అధ్యాయం చదువు’ అంది అమ్మ. అందులో హనన్యా అనే ప్రవక్త ఉన్నాడు. రెండేళ్లలో అంతా తిరిగొస్తుందని దేవాలయంలో అందరి ముందూ చెప్పి, బబులోను దాస్యానికి గుర్తుగా యిర్మీయా మెడ మీద వేసుకున్న కాడి తీసి విరిచేశాడు. వినేవాళ్లకి ఎవరి మాట తియ్యగా ఉంటుంది, రెండేళ్లన్నవాడిదా, డెబ్బై ఏళ్లన్నవాడిదా? ‘హనన్యా కూడా యెహోవా సెలవిచ్చుచున్నాడు అనే మొదలెట్టాడురా’ అంది అమ్మ. ఆ రాత్రి ఆవిడ చెప్పింది అంతే. హనన్యా ఆ సంవత్సరమే చనిపోయాడు. ప్రవక్త చెప్పింది జరగకపోతే అది యెహోవా చెప్పిన మాట కాదని ద్వితీయోపదేశకాండం 18వ అధ్యాయం చివర్లో స్పష్టంగా ఉంది. నీ విశ్వాసం చాలలేదు కాబట్టి జరగలేదు అనే మినహాయింపు అక్కడ లేదు.

బోధ పరీక్షించడం అవిశ్వాసం అంటారు, భయపడకు. బెరయ అనే ఊరి వాళ్లు పౌలు చెప్పింది కూడా లేఖనాల్లో ఉందో లేదో రోజూ చూసుకున్నారు, అందుకే అపొస్తలుల కార్యాలు వాళ్లని మెచ్చుకుంది. పౌలుకి లేని మినహాయింపు ఫోన్‌లో వినిపించే మనిషికి ఎందుకు? యేసు ఎవరు, రక్షణ కృపా లేక కొనుక్కునేదా, ఈ రెండూ అడిగి చూడు. యేసు సృష్టించబడినవాడు అని చెప్పేవాళ్లు మీ క్యాంపస్‌లో తగులుతారు. అది కొత్త వెలుగేమీ కాదు, నాలుగో శతాబ్దంలో అరియస్ అనే బోధకుడు చెప్పిందే. దానికి సంఘం 325లోనే నీకయ పట్టణంలో సభ పెట్టి జవాబు చెప్పింది. ఫలానా తేదీకి ప్రభువు వస్తాడనేవాళ్లూ ఉంటారు. హెరాల్డ్ క్యాంపింగ్ అనే ఆయన 2011 మే 21 అని ప్రకటిస్తే ఈ దేశంలో కొందరు ఉన్నదంతా దానికే ఖర్చు పెట్టేశారు. మరుసటి ఏడు ఆయన తప్పు ఒప్పుకున్నాడు. చిన్నప్పుడు యాంత్రికంగా చెప్పేసిన విశ్వాస ప్రమాణం ఒకసారి నెమ్మదిగా చదువుకో. అందులో నీ వీసా గురించి గానీ, విత్తనం గురించి గానీ ఒక్క మాట లేదు.

అయితే ఇవన్నీ నాకు అంతకు ముందే తెలుసు. తెలిసీ పడిపోయాను. అందుకే నీకు పుస్తకాల పేర్లు చెప్పడం కంటే, ఒక బల్ల దగ్గర నలుగురితో కూర్చోమని చెబుతున్నాను.

ఆ జూలైలో ఇరవై ఐదు నిమిషాల దూరంలో ఉన్న లూథరన్ చర్చికి వెళ్లాను. వెనక వరసలో కూర్చుంటే ఒక ముసలి దంపతులు వచ్చి ఏ ఊరని అడిగారు. గుంటూరు వైపు అనగానే ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. చిన్నప్పుడు గుంటూరు ఆస్పత్రి కోసం చిల్లర డబ్బులు కానుక వేసేదట. 1842లో గుంటూరు వచ్చిన మిషనరీ హయ్యర్ గారిని పంపింది పెన్సిల్వేనియా లూథరన్లే. 1883లో వచ్చిన డాక్టర్ కుగ్లరమ్మ పుట్టిందీ ఆ రాష్ట్రంలోనే. మా అమ్మ నన్ను కన్నది ఆవిడ పేరున్న ఆస్పత్రిలో. మూడు వారాల తర్వాత ఫ్లూ వచ్చి నేను చర్చికి వెళ్లలేదు. ఆ సాయంత్రమే తలుపు చప్పుడైంది. ఆ ముసలాయన ఉప్పు తక్కువైన చికెన్ సూప్ డబ్బా పట్టుకుని నిలబడ్డాడు. నేను రాలేదని ఒక మనిషికి తెలిసింది! ప్రేయర్ లైన్‌కి డబ్బు పంపడం మానేశాక, సిస్టర్ దగ్గర్నుంచి రెండు వారాల్లో ఫోన్లు ఆగిపోయాయి.

డబ్బు సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. ఇక్కడ చర్చీలు ప్రభుత్వానికి ఏటా ఫారం 990 లెక్కలు దాఖలు చేయనక్కర్లేదు, కాబట్టి లెక్క నువ్వే అడగాలి. సరైన సంఘంలో ఏడాదికోసారి సభ్యుల ముందు బడ్జెట్ పెట్టి ఓటు వేయిస్తారు. మా సంఘంలో ఇప్పుడు ఆ కాగితాలు పంచేది నేనే. ఇక హెచ్1బీ రూల్స్ తరచూ మారుతున్నాయి, అమెరికా ఇమిగ్రేషన్ శాఖ యూఎస్‌సీఐఎస్ సైట్లో చూసుకో, మీ కాలేజీ ఇంటర్నేషనల్ ఆఫీసులో అడుగు. నాకు 2016లో లాటరీలో వచ్చింది. అమ్మ మాత్రం ఆ ఏడంతా వీసా కోసం కంటే ఎక్కువగా నేను ఆదివారం ఎవరితోనైనా కలిసి భోంచేయాలని ప్రార్థన చేసిందట.

ఇప్పుడు మాకు సొంత ఇల్లుంది. ఆదివారం ఆరాధన అయ్యాక ఎనిమిది, పది మంది పిల్లలు మా ఇంట్లోనే పప్పుచారన్నం తింటారు. ఎవరూ లేకుండా వచ్చి ఇంతవరకు నిలబడ్డాను, నువ్వూ నిలబడతావు. ఈ రాత్రి ఆ నంబరు నొక్కకుండా మీ అమ్మకి ఫోన్ చేసి, ప్రవచనం సంగతి, వెయ్యి డాలర్ల సంగతి దాచకుండా చెప్పు. ఈ ఆదివారం నడిచి వెళ్లగలిగే దూరంలో ఏ చర్చి ఉందో చూడు. భాష అర్థం కాకపోయినా పర్వాలేదు, ఆరాధన అయ్యాక కాఫీ ఇచ్చే చోట పది నిమిషాలు నిలబడు. నవంబర్ నాలుగో గురువారం థాంక్స్‌గివింగ్. నాలుగు రోజులు క్యాంపస్ ఖాళీ అయిపోతుంది, రూమ్మేట్లు తలో దిక్కుకీ వెళ్లిపోతారు. ఆ నాలుగు రోజులూ ఎక్కడుంటావో, ఎవరింట్లో తింటావో నాకు ముందే రాయి. ఎవరూ లేరంటే మీ ఊరి దగ్గర తెలిసినవాళ్లు ఉన్నారేమో నేను కనుక్కుంటాను.