గేటు గడియ

అమ్మాయీ,

నీ వ్యాసం, దానితో పంపిన నీ నవలలోని మూడు అధ్యాయాలూ చదివాను. 'ద గర్ల్ ఆన్ ద ట్రైన్' సినిమా చూసి ఎంత ఉసూరుమన్నావో నాలుగు పేజీలు రాశావు. లండన్ రైలును న్యూయార్క్ పట్టుకుపోయారన్నదే నీ పెద్ద ఫిర్యాదు. నాకూ బాధే గానీ, అసలు దెబ్బ తగిలింది అక్కడ కాదు.

ఆ సినిమాకు మూలం, 2015లో వచ్చిన పౌలా హాకిన్స్ నవల గుర్తుచేసుకో. ఉద్యోగం పోయినా రేచల్ రోజూ పొద్దున 8:04 బండెక్కి లండన్‌లోని యూస్టన్ స్టేషన్‌కి వెళ్తుంది. సిగ్నల్ దగ్గర బండి ఆగితే, కిటికీలోంచి కనబడే ఇంట్లోని జంటకు తనే పేర్లు పెట్టుకుంటుంది. తాగిన రాత్రి తనేం చేసిందో తనకే తెలీదు. "నువ్వే చేశావు" అని మొగుడంటే నమ్మింది. ఆమె గొంతులోనే వింటున్నాం కాబట్టి మనమూ నమ్మాం. 2016 సినిమాలో ఆ తప్పుడు జ్ఞాపకాన్ని కళ్లకు కట్టి చూపించారు. కళ్లారా చూసింది జరిగిందనే అనుకుంటాం కదా! తర్వాత అది అబద్ధమని తేలితే, రేచల్‌ మీద జాలి కన్నా ముందు తీసినవాళ్ల మీద కోపమొస్తుంది. రేచల్‌గా ఎమిలీ బ్లంట్ ప్రాణం పెట్టి చేసినా ఆ గండి పూడలేదు.

1983లో యండమూరి నవల నుంచి వచ్చిన 'అభిలాష' సినిమా చూడు. ఉరిశిక్ష రద్దు కోసం హత్యానేరాన్ని తన మెడకే తగిలించుకున్న లాయరు కథ. అందులో మెలిక జరిగే పనిలోనే ఉంది, కెమెరాకు దొరికింది. రేచల్ కథలో మెలిక ఆమె మాటలో ఉంది. థ్రిల్లర్‌కి ప్రాణం చెప్పేవాళ్ల గొంతేనని నలభై ఏళ్లుగా అంటున్నాను, చచ్చేదాకా అంటాను.

మరి నువ్వు చేసిందేమిటి? మూడు అధ్యాయాల్లో పదకొండుసార్లు "కట్ చేస్తే" అని రాశావు. లెక్కపెట్టాను. ఎవరో నిర్మాత చదువుతాడని ఆశపడి రాసినట్టుంది. ఒళ్లు మండింది.

నా రెండో సీరియల్ ఒక వారపత్రికలో వస్తున్న రోజుల్లో, ఓ ఇల్లాలు అర్ధరాత్రి తాళంచెవి కోసం వెతికే ఘట్టం రాశాను. బియ్యం డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి తడుముతుంది. తనే దాచిందో, ఇంకెవరైనా తీశారో గుర్తురాదు. ఎడిటరుగారు ఆ రెండు పేజీలూ ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టేసి, "కథ నడవట్లేదు, ఈ వారం చివర శవం పడాలి" అన్నారు. అప్పటికి రెండు నెలల అద్దె బాకీ. శవం పడేశాను. ఆ కాగితాలు ఇప్పటికీ నా బీరువాలో ఉన్నాయి. ఆ సీరియల్‌ని పుస్తకంగా వేస్తామని ఎవరడిగినా ఇవ్వలేదు. ఇప్పుడు ఆ కుర్చీలో వెబ్ సిరీస్ వాళ్లు కూర్చున్నారు.

పబ్లిషర్ల సంగతి తర్వాత చూద్దాం. రెండో అధ్యాయంలో, అమ్మమ్మ పోయిన రాత్రి, గేటు గడియ వేశానో లేదో అని ఆ పిల్ల మూడుసార్లు లేచి చూస్తుంది. మూడోసారికి గడియ తీసి ఉంటుంది. తనే తీసిందేమో తెలీదు. ఆ అరపేజీ చదివి నేనూ లేచి మా తలుపు చూసుకున్నాను. దాని చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి పంపుతున్నాను. నవల అక్కణ్ణుంచి మొదలుపెట్టు. "ఆమె" తీసేసి "నేను" అని రాయి.