ఎర్ర మారుతికి పెయింటా, పాలిషా?

ప్రశ్న: మా నాన్నగారి మారుతి 800, 1998 మోడల్, ఎరుపు. బానెట్, టాపు సున్నం పూసినట్టు తెల్లబారాయి. చేత్తో రాస్తే ఎర్రపొడి అంటుతోంది. బండి మొత్తానికి పెయింట్ వేయించాల్సిందే అంటున్నారు షెడ్డులో. పాలిష్‌తో పాత రంగు రాదా?
- ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: వస్తుందండి. ఆ ఎర్రపొడే నాకు ధైర్యం. పొడి రాలుతోందంటే మీ రంగు మీద క్లియర్ కోటు, అంటే రంగును కాపాడే గాజులాంటి పూత, లేదు. ఎండకు చచ్చింది పైపొర ఒక్కటే. అసలు ఎరుపు ఎలా ఉండేదో చూడాలంటే డోరు తీసి లోపలి ఫ్రేము చూడండి. షెడ్డువాళ్లని తప్పు పట్టను, నాదీ అదే వృత్తి. పెయింటింగ్‌లో మిగిలే డబ్బు పాలిష్‌లో మిగలదు మరి! కానీ కంపెనీ రంగు సుమారు 140 డిగ్రీల వేడిలో కాలి గట్టిపడినది. మా షెడ్లలో అంత వేడి పెట్టలేం. అందుకే ఉన్నదాన్ని చేతులారా పోగొట్టుకోవద్దంటాను.

ముందు షాంపూతో కడగండి, మీది సముద్రపు ఊరు కాబట్టి ఉప్పు పూర్తిగా పోవాలి. బండిని నీడలో పెట్టి, రేకు చల్లబడ్డాక బానెట్ మూల అరచేయంత చోట రబ్బింగ్ కాంపౌండు (చచ్చిన పొరను అరగదీసే ముద్ద) తడిగుడ్డతో రుద్ది చూడండి. గుడ్డ ఎర్రగా అవుతుంది, భయపడకండి. కింద నిగనిగలాడితే మిగతాదీ చేసుకోవచ్చు. రంగు కింద వేసే బూడిదరంగు పూత, ప్రైమరు, కనిపిస్తే మాత్రం ఆపేయండి, అక్కడ ఇక రంగు లేదు. బానెట్ గీతల మీద, అంచుల మీద రంగు పలచగా ఉంటుంది. వాటికి మాస్కింగ్ టేపు వేయండి. రబ్బరు బీడింగులకు కూడా వేయాలి, కాంపౌండు ఎండితే ఆ తెలుపు ఓ పట్టాన వదలదు. అలవాటు లేనివాళ్లు బఫింగ్ మిషను పట్టకపోతేనే మేలు, ఒక్కచోట నిలిపితే రంగు కాలిపోతుంది.

కాంపౌండు తర్వాత సన్న పాలిష్, ఆపైన వ్యాక్స్. క్లియర్ కోటు లేని బండికి ఈ వ్యాక్సే గొడుగు. రెండు మూడు నెలలకోసారి వేయకపోతే మళ్లీ తెల్లబారుతుంది. కిరసనాయిలు గుడ్డతో తుడిచే అలవాటుంటే మానేయండి. ఆ మెరుపు రెండ్రోజులే, ఆపైన దుమ్మంతా దానికే అంటుకుంటుంది.

ఇంకొకటి. టాపు పక్కన వాననీళ్లు పారే గాడిలో రంగు బుడగలు తేలిందేమో వేలితో తడిమి చూడండి. బుడగ ఉంటే లోపల తుప్పు ఉన్నట్టే, అది పాలిష్‌కి లొంగదు. ఆ మేరకు గీకించి, ప్రైమరు కొట్టించి రంగు వేయిస్తే చాలు. మొత్తం బండి వాళ్లకు అప్పగించనక్కర్లేదు.