అది స్టార్ స్క్రూ కాదు అల్లుడూ

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటోలు చూశాను. మీ నాన్న ఆర్‌ఎక్స్ 100 బైకు క్లచ్ కవర్ మీద నాలుగు స్క్రూలకు తలలోని ప్లస్సు గుర్తు పోయి గుండ్రటి గుంటలు మిగిలాయి. 'పాతబడి అరిగిపోయాయి, అన్నీ తీసి కొత్తవి వేస్తాను' అని రాశావు. వేద్దువుగాని, ముందు ఒక మాట విను. చెయిన్ తిరుగుతుంది కాబట్టి అరుగుతుంది. ఉన్నచోటనే ఉండే స్క్రూకు అరుగుదల ఎక్కడిది? తప్పు డ్రైవరు పెట్టిన ప్రతి చెయ్యీ దాన్ని కాస్త కాస్త కొరికింది. అందులో నా చెయ్యి కూడా ఉంది. కవర్ కింది అంచున ఉలి దిగినట్టు ఒక గీత కనిపిస్తుంది చూడు, అది 1991లో నా ఘనకార్యం. మీ నాన్న పెద్దమనిషి కాబట్టి ఏమీ అనలేదు.

మనం స్టార్ స్క్రూడ్రైవర్ అనేది అమెరికా వాళ్ల ఫిలిప్స్ కొలతకు చేసింది. ఆర్‌ఎక్స్ 100 మన దేశంలో 1985 నుంచి 1996 దాకా తయారైనా డిజైను జపాన్ యమహాది, స్క్రూలూ జపాన్ కొలతవే. చూడటానికి రెండూ ఒకటే. కానీ ఫిలిప్స్ మొన అడుగున తగిలి ఆగిపోతుంది, పక్కలు పూర్తిగా ఆనవు. బలం పెట్టగానే పైకి లేచి జారుతుంది. జారిన ప్రతిసారీ గుంట అంచు కొంత పోతుంది. చాలా జపాన్ స్క్రూల తల మీద ఒక చిన్న చుక్క ఉంటుంది, అదే గుర్తు. జేఐఎస్ డ్రైవర్, అంటే జపాన్ కొలతకు చేసినది, అని అడిగి తెచ్చుకో. 6 మిల్లీమీటర్ల స్క్రూకు కావలసింది 3వ నంబరు మొన. ఇళ్లలో ఉండేది ఎక్కువగా 2వ నంబరు, అది ఈ గుంటలో వదులుగా ఆడుతుంది.

విప్పే ముందురోజు రాత్రి దబ్బనంతో గుంటల్లోని మట్టి, పాత రంగు గీకి తీసెయ్యి. తుప్పు వదిలించే స్ప్రే కొట్టి తెల్లారేదాకా వదిలెయ్యి. పొద్దున ఇంజిన్‌ను పది నిమిషాలు నడిపి ఆపు. వేడికి అల్యూమినియం ఉక్కుకంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది, ఆ కాస్త సందే నీకు చాలు. మంట మాత్రం చూపించకు, పైన పెట్రోల్ ట్యాంకు ఉంది.

తర్వాత ఇంపాక్ట్ డ్రైవర్, అంటే వెనక సుత్తితో కొడితే ఆ దెబ్బకు మొన తిరిగే డ్రైవరు. విప్పే వైపుకు మార్చి, మొనను గుంటలో నిటారుగా ఆనించి, ఎడమకు తిప్పి బిగబట్టి, సుత్తితో ఒక్కటి వెయ్యి. మెల్లగా పది దెబ్బలు కొట్టేకంటే గట్టిగా ఒక్కటి నయం. 'టిక్' మని కదిలిందంటే పని అయినట్టే, మిగతాది చేత్తో తిప్పు.

పూర్తిగా గుండ్రమైపోయిన ఆ నాలుగింటితో కుస్తీ పట్టకు. నడిమధ్య సెంటర్ పంచ్‌తో గుర్తు పెట్టి, 3 మిల్లీమీటర్ల బిట్‌తో దారి చేసి, 6.5 బిట్‌తో తల తెగేదాకా డ్రిల్ చెయ్యి. భయపడకు. తల ఊడగానే బిగుతంతా పోతుంది. కవర్ తీశాక పొడుచుకొని కనిపించే మొండాన్ని గ్రిప్ ప్లయరుతో పట్టుకుంటే చాలాసార్లు సులువుగా తిరిగి వచ్చేస్తుంది. మొదటిసారి చూసినప్పుడు నాకు గారడీలా అనిపించింది.

కవర్ ఊడదీసే ముందు గేరు ఆయిల్ దించు, కిక్ రాడ్ తియ్యి. పెట్రోలులో కలిసే 2టి ఆయిల్‌ను పంపే పంపు ఇంకా ఉంటే, దాని పైపు విప్పితే మళ్లీ బిగించాక గాలి తీయాలి. కవర్ కింద ఉండే ప్యాకింగ్, అదే గ్యాస్కెట్, కొత్తదే వెయ్యి. ఒక అట్టముక్క మీద కవర్ ఆకారం గీసి, ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడ గుచ్చిపెట్టు. అన్నీ ఒకే పొడవు కావు, ఇక్కడే చాలామంది దెబ్బతింటారు.

కొత్తవి అలెన్ బోల్టులు, అంటే తలలో ఆరు పలకల గుంట ఉండేవి, వెయ్యి. పాత రూపం పోతుందని గొణిగే వాళ్లుంటారు. వాళ్ల కోసం పాతవి ఒక డబ్బాలో దాచు. రాణిగంజ్ హార్డ్‌వేర్ దుకాణాల్లో ఎం6 (6 మిల్లీమీటర్ల లావు), పిచ్ 1.0 (మరకూ మరకూ మధ్య 1 మిల్లీమీటరు) అని చెప్పి, అట్టముక్క చూపించి పొడవులు కొనుక్కో. నమ్మకం చాలకపోతే చీపురు పుల్లను రంధ్రంలో అడుగు తగిలేదాకా దించి, కవర్ పైఅంచు దగ్గర గోటితో నొక్కి కొలువు. ఆ కొలతకు ఒకటి రెండు మిల్లీమీటర్లు తక్కువ బోల్టు కావాలి. పొడవైతే అడుగు తన్ని ఇంజిన్ కేసును పగలగొడుతుంది. పొట్టిదైతే రెండు మూడు మరలే పట్టి, వాటినీ లాక్కొని వస్తుంది. అల్యూమినియంలో కనీసం 9 మిల్లీమీటర్లు దిగాలి. స్టెయిన్‌లెస్ స్టీలువి మెరుస్తాయి గాని, సముద్రపు గాలి తగిలే ఊళ్లో అల్యూమినియంతో కలిసి తెల్లటి పొడి కక్కుతాయి. నీది హైదరాబాద్ కాబట్టి ఫరవాలేదు. అయినా మరలకు, పట్టేసుకోకుండా కాపాడే యాంటీ సీజ్ పేస్టు పలచగా రాయి. గ్రీజు కుక్కకు, అడుగు మూసుకుపోయిన రంధ్రంలో అది పోయే దారి లేక కేసునే చీలుస్తుంది.

అలెన్ బోల్టుతో ఒక చిక్కుంది. స్టార్ డ్రైవరు జారిపోవడం వల్ల ఇన్నేళ్లూ నీ కేసులో మరలు బతికాయి. అలెన్ కీ జారదు, నువ్వు ఎంత తిప్పితే అంత బిగుస్తుంది, చివరికి లోపలి మరలే తెగుతాయి. బిగింపు బలాన్ని కొలిచే టార్క్ రెంచి ఉంటే 8 నుంచి 10 న్యూటన్ మీటర్లు చాలు. లేకపోతే కీ పొడవు కాలును బోల్టులో పెట్టి, పొట్టి కాలును రెండు వేళ్లతో తిప్పు. ఎదురెదురుగా ఒక్కొక్కటీ, మూడు విడతల్లో. మర ఇప్పటికే పోయిన చోట ఎంసీల్ పుయ్యకు, హెలికాయిల్, అంటే రంధ్రంలో కొత్త మరగా కూర్చునే తీగ చుట్ట, వేయించు.

ఆదివారం మధ్యాహ్నం మొదలుపెట్టకు. మధ్యలో ఏదైనా విరిగితే దుకాణాలు ఉండవు. శనివారం పొద్దునే కూర్చో. కవర్ తీశాక లోపల గ్యాస్కెట్ ముక్కలు గీకేటప్పుడు ఫోన్ చెయ్యి, కత్తి పట్టుకోకముందే. అక్కయ్యకు చెప్పు, చీపురు పుల్ల నేను అడిగానని.

ఇట్లు,
మామయ్య