అమ్మ వద్దంది, అమ్మమ్మ తీసుకోమంది

"మా అమ్మ కంటే అమ్మమ్మే నా వైపు మాట్లాడుతుంది, ఇదేం విచిత్రం?" అని మీరు అడిగారు. మా ఇంట్లోనూ ఇదే జరిగింది, పొలం విషయంలో.

మాది గుడివాడ దగ్గర పల్లెటూరు. 1998లో, తాతయ్య ఉండగానే, మామయ్యలు పిత్రార్జితం పొలం పంచుకున్నారు. ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన చట్టంతో 1985 సెప్టెంబరు నుంచే ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకూ వాటా ఉంది. అయితే అప్పటికే పెళ్లయిపోయినవాళ్లకు లేదు. అంటే 1987లో పెళ్లయిన పిన్నికి ఉంది, 1983లో పెళ్లయిన అమ్మకి లేదు. ఒకే ఇంటి ఆడపిల్లలు! ఎందుకైనా మంచిదని ఇద్దరినీ రిజిస్ట్రారు ఆఫీసుకు పిలిచి, వాటా వద్దని సంతకాలు పెట్టించారు. నేనూ వెళ్లాను, అప్పుడు ఆరో క్లాసు. వేలిముద్ర వేశాక అమ్మ బొటనవేలి సిరా తలకి తుడుచుకుని "పద, బస్సు పోతుంది" అంది. ఇంటికొచ్చాక ఇద్దరికీ తలో చీర పెట్టారు. 2005లో దేశమంతటికీ వచ్చిన హిందూ వారసత్వ చట్ట సవరణలో పెళ్లి షరతు పోయింది కానీ, 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకాలు అలాగే ఉండిపోయాయి.

2019లో నాన్న పోయారు. ఆయన స్వయంగా కొన్నది మూడెకరాలు, వీలునామా లేదు. అమ్మకి, తమ్ముడికి, నాకు తలో ఎకరం. తమ్ముడే ఫోన్ చేసి "అక్కా, నీ ఎకరం నీ పేరున ఎక్కిద్దాం, ఆధార్ పట్టుకుని రా" అన్నాడు. వద్దన్నది అమ్మ. "తమ్ముడి నోటి దగ్గర కూడు లాక్కుంటావా?" అని నెల రోజులు నాతో మాట్లాడలేదు. చాలా ఏడ్చాను.

అమ్మమ్మకి అప్పటికే ఎనభై దాటాయి. తాతయ్య పోయినప్పటి నుంచి రెండు నెలలు పెద్ద మామయ్య ఇంట్లో, రెండు నెలలు చిన్న మామయ్య ఇంట్లో. వంతు మారినప్పుడల్లా చీరలు, మందుల డబ్బా సంచిలో సర్దుకునేది. ఆవిడ నా చెయ్యి పట్టుకుని "తీసుకోవే. సెంటు భూమి లేకపోతే ఇంకో కప్పు కాఫీ అడగాలన్నా మొహమాటమే" అంది.

తీసుకున్నాను. అమ్మ మీద కోపం మాత్రం మెల్లగా పోయింది. అన్నదమ్ములకు వదిలేయడమే మంచితనం అనుకుని బతికిన మనిషి. నేను తీసుకుంటే, తను పోగొట్టుకున్నది ఇన్నేళ్ల తర్వాత కళ్ల ముందుకొస్తుంది. మీ అమ్మగారితో వాదించే ముందు, ఆవిడ ఏం వదులుకున్నారో ఒకసారి అడిగి చూడండి. నేను అడిగాను. ఆ రోజు పెట్టిన చీర వంగపండు రంగుదని చెప్పింది. అప్పట్లో అక్కడ ఎకరం ధర ఎంతో కూడా తడుముకోకుండా చెప్పింది.