అడ్రస్ లేనివాడికి వైద్యం ఎవరిస్తారు?

ప్రశ్న: నాకు 20 ఏళ్లు. ఇంటర్ తప్పాక నాన్నతో రోజూ గొడవే. ఒకరోజు బాగా కొట్టడంతో ఇల్లు వదిలేశాను. ఎనిమిది నెలలుగా సికింద్రాబాద్‌లో ఉంటున్నాను. క్యాటరింగ్ పని దొరికిన రోజు తింటాను, రాత్రి స్టేషన్ బయట పడుకుంటాను. అమ్మ ఫోన్ చేస్తే ఎత్తను. నిద్ర పట్టదు. చచ్చిపోతే బాగుండనిపిస్తోంది. ఆధార్ ఉన్న బ్యాగు కూడా పోయింది. అడ్రస్సే లేనివాడికి వైద్యం ఎవరిస్తారు?

జవాబు: చచ్చిపోతే బాగుండనిపిస్తోందని రాశారు. ఆ మాట దాచుకోకుండా చెప్పి మంచి పని చేశారు. ఈ రోజే 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలీ మానస్ నంబరు. ఉచితం, 24 గంటలూ పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఆ ఆలోచన మరీ తరుముతుంటే ఒంటరిగా ఉండొద్దు. మీతో కలిసి పనిచేసే కుర్రాళ్లలో ఒకరిని తోడు తీసుకుని వెంటనే గాంధీ ఆసుపత్రి క్యాజువాలిటీకి వెళ్లండి.

ఫోన్ ఎవరు కొట్టేస్తారో, ఎవరు ఎప్పుడు వచ్చి లేపుతారో అని ఎనిమిది నెలలుగా ఒక చెవి తెరిచే పడుకుంటున్నారు. అలా ఎవరు పడుకున్నా తల మొద్దుబారిపోతుంది, మనుషులంటే విసుగొస్తుంది. చూసేవాళ్లు దాన్ని పొగరంటారు, బద్ధకమంటారు. నా దగ్గరికొచ్చిన పిల్లల్లో చాలామంది ఆ మాటలే నిజమనుకున్నారు. మీరు నమ్మకండి. ఇది డిప్రెషనా కాదా అన్నది డాక్టర్ చూసి చెప్పాలి. రాత్రి ఎక్కడ పడుకుంటున్నారో ఆయనకు సిగ్గుపడకుండా చెప్పండి. మత్తునిచ్చే మాత్ర వేసుకుని రోడ్డు పక్కన పడుకోవడం ప్రమాదం. అది తెలిస్తేనే సరైన మందు రాయగలరు.

వైద్యం ఎవరిస్తారని అడిగారు కదా, చట్టమే ఇమ్మంటోంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ ప్రకారం, ఇల్లు లేనివాళ్లకు ప్రభుత్వ ఆసుపత్రుల్లో మానసిక వైద్యం ఉచితంగా అందాలి. రేషన్ కార్డు చూపించలేకపోయినా సరే. గాంధీలో గానీ, ఎర్రగడ్డ మానసిక వైద్యశాలలో గానీ ఓపీకి వెళ్లండి. ఎర్రగడ్డ పేరు వినగానే జనం ఏమేమో అంటారు, పట్టించుకోకండి. మీలాగా నిద్ర పట్టక, దిగులుతో వచ్చి మందులు తీసుకుని వెళ్లిపోయేవాళ్లు అక్కడ ఎందరో ఉంటారు.

మందులతో పాటే పడుకోవడానికి చోటూ కావాలి. నగరంలో నైట్ షెల్టర్లున్నాయి, మున్సిపల్ ఆఫీసులో అడగండి. గొప్పగా ఉంటాయని చెప్పను. కానీ తలుపున్న గదిలో నాలుగు రాత్రులు పడుకుంటే మీ ఆలోచనల్లో మీకే తేడా తెలుస్తుంది. ఆధార్ నంబరు గుర్తులేకపోయినా కంగారు పడకండి, ఆధార్ కేంద్రంలో వేలిముద్ర పెట్టి మళ్లీ తీసుకోవచ్చు. ఇంటర్ సంగతి తర్వాత చూద్దాం.

కొట్టిన ఇంటికి ఇప్పుడే తిరిగి వెళ్లమని నేను చెప్పను. కానీ అమ్మ ఫోన్ ఒక్కసారి ఎత్తండి. ఎక్కడున్నారో చెప్పాలనిపించకపోతే చెప్పకండి. ఈ పూట అన్నం తిన్నారో లేదో చెప్పండి చాలు.